ఇంటర్నెట్ వైరుకి గ్రీజు

మా ఇంట్లో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా పనిచేస్తూ ఉండేది. దాన్ని చెడగొట్టింది నేనే. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది, ఆ పూటంతా నేను ఆ నెట్టు డబ్బానీ, కంపెనీనీ, ఫోన్లో మాట్లాడే ఆడగొంతునీ తిడుతూనే ఉన్నాను.

నేను స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు మనిషిని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఉండేది పెదగంట్యాడలో, సముద్రానికి దగ్గర. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుము అన్నది ఏదీ నిలవదు. కొత్త గేటుకైనా ఏడాది తిరిగేసరికి బందులు కిర్రుమంటాయి. అందుకే ప్లాంటువాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఉప్పు డబ్బా పక్కన గ్రీజు డబ్బా కూడా ఉంటుంది. గేటు బందులు, బండి బ్యాటరీ కొసలు, కిటికీ గొళ్ళేలు, మోటారు స్విచ్చు మరలు, అన్నిటికీ నేను చేత్తో రాస్తాను. మెకానిక్కుని పిలవడం నాకు నామోషీ.

ఆ గురువారం సాయంత్రం నాలుగింటికి మా ఆవిడకి ఆన్‌లైన్లో ట్రయల్ క్లాసు ఉంది. ఏడో తరగతి లెక్కలు. క్లాసు నచ్చితే ఉద్యోగం ఇస్తారు. తను పెళ్ళికి ముందు రాజమండ్రి దగ్గర బడిలో లెక్కలు చెప్పేది. ఇక్కడికి వచ్చాక కూడా ఒక ఏడాది చెప్పింది. నాకేమో రాత్రి షిఫ్టులు, పగలు నిద్ర, లేచేసరికి వేడన్నం. తనే మానేసిందని నేను ఇన్నేళ్ళూ అందరికీ చెప్తూ వచ్చాను. నిజానికి మాన్పించింది నేను.

అందుకని ఈసారి ఏదో ఒకటి చేసిపెట్టాలనిపించింది. క్లాసు మధ్యలో లైను ఆగకూడదు కదా అని, ముందురోజు ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు నెట్టు డబ్బా వెనక్కి తిప్పి చూశాను. సన్నటి వైరు, చివర చిన్న పిన్ను. ఇంత సన్నటి పిన్నుకి ఉప్పు పడితే ఇంకేమైనా ఉందా! పిన్ను ఊడదీసి, అగ్గిపుల్ల కొసతో శుభ్రంగా గ్రీజు రాశాను. డబ్బాలో ఉన్న బొక్కలోకి కూడా ఇంత కూరి, పిన్ను బిగించి, చేతులు కడుక్కుని టీ తాగాను. ఆ రాత్రి ఎవరం నెట్టు వాడలేదు.

పొద్దున్నే చూస్తే డబ్బా మీద ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది.

"ఏవండీ, నెట్ రావట్లేదండీ. నాలుగింటికి నా క్లాసు," అంది ఆవిడ.

"నాను సూత్తన్నాను కదా. నువ్వు కంగారు పడకు," అన్నాను.

ప్లాంటులో ఏ మోటారు మీద చెయ్యి వేసినా ముందు దాని స్విచ్చుకి ఒక ఎర్ర కార్డు తగిలిస్తాం. 'ముట్టవద్దు. మనుషులు పనిచేయుచున్నారు' అని అచ్చువేసి ఉంటుంది, కింద పనిచేసేవాడి పేరు రాస్తాం. ఆ పేరు గలవాడు తప్ప జనరల్ మేనేజరు వచ్చినా దాన్ని తీయకూడదు. తీస్తే ఒకడి ప్రాణం పోతుంది. నా పేరు రాసున్న అలాంటి పాత కార్డు ఒకటి ఇంట్లో పెట్టుకున్నాను. దాన్ని స్విచ్చుబోర్డుకి తగిలించి కూర్చున్నాను, ఆవిడ పొరపాటున స్విచ్చు వేయకుండా.

డబ్బా ఆపాను, వేశాను. పది నిమిషాలు ఆపి వేశాను. వెనకాల సూది బెజ్జంలో పిన్నీసు పెట్టి నొక్కాను. దాంతో అప్పటిదాకా ఉన్న పాస్‌వర్డు కూడా పోయింది. అడాప్టరు మార్చాను. ఎర్ర లైటు మాత్రం నన్ను చూసి కన్ను కొడుతూనే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అంటూ ఒక ఆడగొంతు, వెనకాలే ఒక పాట. ముఖ్యమైతే ఎత్తి చావొచ్చు కదా! ఇరవై నిమిషాల పాట తర్వాత ఎవరో ఎత్తి, "సార్, ఒకసారి డబ్బా ఆపి వేయండి," అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పొద్దున్నుంచీ అదే సేత్తన్నానయ్యా!" అని అరిచాను. లైను కట్టయింది.

పదకొండున్నరకి ఆవిడ వచ్చి, "కేబులాయన్ని పిలవండి," అంది. నేను ఇంకోసారి డబ్బా ఆపి వేశాను. పన్నెండున్నరకి మళ్ళీ అడిగింది. "ఇదేటి పెద్ద ఫర్నేసా, నాను సెయ్యలేకపోడానికి?" అన్నాను. ఒంటిగంటకి అడగడం మానేసి తనే ఫోన్ చేసింది. గ్రీజు సంగతి అప్పటికే నా మనసులో ముల్లులా గుచ్చుతోంది, చెప్పడానికి మాత్రం నామోషీ అడ్డొచ్చింది.

కేబులాయన వచ్చేసరికి మూడు దాటింది. నా ఈడువాడే, మాకు పాత పరిచయం. నేరుగా పిన్ను ఊడదీసి వెలుతురులో చూశాడు. వేలికి రాసుకుని వాసన చూశాడు.

"ఏటి బావా ఇది? గ్రీజెట్టావేటి?"

"ఉప్పు పడతాదని..."

"ఓర్నాయనో! ఇందులో కరెంటు రాదు బావా, ఎలుగు వత్తాది. అద్దంలాంటి వైరు. కొసకి గ్రీజు పూసేత్తే ఎలుగు ఎలా ఎల్తాది? కల్లజోడుకి పేడ రాసి దారి సూడమన్నట్టు!" డబ్బా బొక్కలోకి టార్చి వేసి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇందులోకి కూడానా? డబ్బా మార్సాల్సిందే. కొత్తది కంచరపాలెం గొడౌన్లో ఉంది. లారీల్లో పడి ఎల్లి వచ్చీసరికి ఆరవుద్ది."

వినాయకుణ్ణి చేయబోతే కోతి కావడమంటే ఇదే. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింది. తిట్టినా బాగుండేది.

"ఎప్పుడు రాశారు?" అంది.

"నిన్న. నీ క్లాసు ఆగకూడదని."

"పొద్దున్నే చెప్పుంటే ఈపాటికి డబ్బా మారేది," అంది. ఫోన్లో నెట్టుతో చెప్దామని లాప్‌టాప్ తీసుకుని మేడ మెట్లు ఎక్కింది. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ తిన్నగా అందేది డాబా మీదే.

మే నెల ఎండ. నీళ్ళ ట్యాంకు పక్కన స్టూలు వేసి, బోర్లించిన బకెట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెర కనబడడం లేదు. నేను గొడుగు తెచ్చి వెనక నిలబడ్డాను. "కెమెరాలో పడకండి. మాట్లాడకండి," అంది. నలభై నిమిషాలు ఆ గొడుగు పట్టుకుని గుంజలా నిలబడ్డాను. చెయ్యి లాగేసింది, కాళ్ళు కాలిపోయాయి. నోరెత్తితే ఒట్టు.

తను పాఠం చెప్పడం నేను ఎన్నడూ వినలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారీ వినలేదు. అవతల ఒక పిల్ల భిన్నాలు రావని ఏడుపుగొంతుతో అంటే, "పెసరట్టు ఎనిమిది ముక్కలు చేశాం. మీ తమ్ముడు మూడు తినేశాడు. నీకెన్ని మిగిలాయి?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వి లెక్క చెప్పేసింది. మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది. రెండుసార్లూ నా గుండె ఆగింది. తను మాత్రం తొణక్కుండా, లైను రాగానే ఆపినచోట అందుకుంది. ఇంత బాగా చెప్పే మనిషిని వంటింట్లో కూర్చోబెట్టానే అని కళ్ళు చెమర్చాయి. ఎండకే అనుకుని తుడుచుకున్నాను.

చివర్లో అవతలి మేడం, "పాఠం చాలా బావుందండీ. సోమవారం నుంచి రండి. నెట్ మాత్రం బాగుచేయించుకోండి," అంది.

ఆరున్నరకి కేబులాయన కొత్త డబ్బా బిగించాడు. పచ్చ లైటు వెలిగింది. వెళ్తూ వెళ్తూ, "అక్కా, గ్రీజు డబ్బా దాసెయ్," అన్నాడు. ఆవిడ అప్పుడు నవ్వింది, ఆ రోజుకి మొదటిసారి.

సోమవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి గది తలుపు వేసి ఉంది. లోపల క్లాసు జరుగుతోంది. హాల్లో కొత్త డబ్బా పచ్చ లైటు కాస్త వెలిసినట్టు అనిపించి, అలవాటుకొద్దీ స్క్రూడ్రైవరు తీసుకుని దగ్గరికి వెళ్ళాను. డబ్బాకి నా ఎర్ర కార్డే వేలాడుతోంది. 'ముట్టవద్దు. మనుషులు పనిచేయుచున్నారు.' కింద నా పేరు కొట్టేసి, గుండ్రటి టీచరు చేతిరాతతో తన పేరు రాసుకుంది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒకరి పేరున్న కార్డు మీద నేను చెయ్యి వేసింది లేదు. స్క్రూడ్రైవరు సొరుగులో పెట్టేసి, అన్నం నేనే వడ్డించుకున్నాను. గిన్నెల చప్పుడు తన క్లాసులోకి వెళ్ళకుండా, కింద కూర్చుని తిన్నాను.