ఎర్ర దారం మీద పన్నెండు కాకరకాయలు

పోయిన ఆదివారం మా ముసలాయన నోట్లో నుంచి మూరెడు ఎర్ర దారం బయటికి వేలాడింది. దాని రెండో కొస నా కూర చట్టిలో ఉండింది. ఈ సంగతి ఇప్పుడు ఊర్లో నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకుంటాండారు. మొగుణ్ణి దారంతో కట్టేసి తిండి పెడతాందని కొందరు, గాలమేసి పట్టిందని కొందరు. పక్కూరికి పోయేసరికి దారం కాస్తా మోకు అయిందంట. అందుకే నేనే కూచోని రాస్తాండా. మిషను బళ్ళో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, నా సంగతి నేను రాసుకోలేనా? నేను చెప్పేదాంట్లో అబద్ధం ఆవగింజంత గూడా ఉండదు. ఒకటో రెండో కనబడితే తిరగమాతలో పడినాయనుకోండి.

మాది కర్నూలు పక్క పల్లె. మా ఇండ్లల్లో తిండి అంటే జొన్న సంగటి, దాంట్లోకి చెనిక్కాయలు వేయించి నూరిన ఊరిబిండి పచ్చడి. మధ్యాన్నం అదే, రాత్రీ అదే. కూరగాయ అనేది క్రిస్మసుకో, పెండ్లికో, లేదంటే పాస్టరయ్య భోజనానికి వస్తేనో గడప తొక్కుతాది. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చి నలభై అయిదేండ్లు. ఇన్నేండ్లలో నేను నూరిన ఊరిబిండి అంతా ఒకచోట కుప్ప పోస్తే నల్లమల కొండలు చిన్నబోతాయి.

ఇంకొక మాట ముందే చెప్పాల. సంగటి నమిలేది కాదు, మింగేది. ముద్ద చేసి, ఊరిబిండిలో అద్ది నోట్లో వేసుకుంటే పంటికి తగలకుండా జారిపోవాల. అట్ల మింగేదాంట్లో మా ముసలాయనను మించినోడు ఈ జిల్లాలో లేడు. ఆయనకు మిగిలింది ఏడు పండ్లు. వాటికి పని చెప్పి ఎన్నేండ్లయిందో ఆయనకే తెలీదు. ప్రార్థన చేసి కంచం ముందర కూచుంటాడు. నేను రెండోసారి ఊరిబిండి తెచ్చేలోగా లేచి చెయ్యి కడుక్కుంటాంటాడు.

వానలకు ముందు నేను కడపలో మా కూతురింటికి పోయినా. నెల దినాలుండినా. మా అల్లుడు గుమాస్తా. వాళ్ళింట్లో దినానికొక కూర. ఒకనాడు బీరకాయలో నువ్వుల పొడి, ఒకనాడు మటిక్కాయలో ఎండుకొబ్బరి, ఒకనాడు పాలు పోసిన సొరకాయ. ఇంక కాకరకాయ గురించి ఏం చెప్పేది? మా కూతురు దాని కడుపులో మసాలా కూరి, విచ్చుకోకుండా దారం చుట్టి, సన్నని సెగ మీద నూనెలో మగ్గించి పెట్టింది. ఆ దినం నేను తినే తీరు చూసి మా అల్లుడు తన కంచం కొంచెం దూరం జరుపుకున్నాడు. దేవుడు ఇన్ని కాయలు పుట్టించింది కడపోళ్ళ కోసరమే కాదు గదా అని అప్పుడే అనుకున్నా. వచ్చేటప్పుడు విత్తనాలు కొంగున ముడేసుకోని వచ్చి, జాలాడి పక్కన స్నానం నీళ్ళు పారే చోట నాటినా. నెలన్నర తిరక్కుండా తీగలు మా మిద్దె ఎక్కి, పక్కింటి మిద్దె దిగి, ఆ పక్క మిద్దె మీద ఎండేసిన మిరపకాయలను పలకరించొచ్చినాయి.

కాయలు దిగిన దినం ఇంట్లో చెప్పేసినా. రేపటి నుంచి ఈ ఇంట్లో దినమూ కూర, పండగ ఉన్నా లేకున్నా. మా కోడలు రూతు సంతోషపడింది. ముసలాయన మాత్రం, కూరలు ఆకలి లేనోళ్ళ తిండి అన్నాడు. తాను ఊరిబిండితోనే ఆరడుగులు పెరిగినానన్నాడు. అయిదు మీద ఒక్క అంగుళం ఉండడు, అయినా నేను కొలత జోలికి పోలేదు. కడకు ఆయనే ఒక మాట తెచ్చినాడు.

"నెల దినాలు చూస్తా. ఒక్క దినమన్నా నేను సంగటి సగంలో వదిలి లేచినానంటే, ఈ ఇంట్లో మళ్ళా కూర మాట ఎత్తగూడదు."

"లేయకపోతే?"

"నేను పోయేదాకా దినమూ పెట్టు. తింటా."

పందెం పాపమని పాస్టరయ్య చెప్తాడు. అందుకే మేము దాన్ని ఒప్పందం అనుకున్నాము. రూతు సాక్షి.

ఇరవై ఏడు దినాలు ఒక్కనాడూ లేయలేదు. మెచ్చుకోనూ లేదు. బీరకాయ పెట్టినా, వంకాయ పెట్టినా, సంగటి ముద్దలో ఇంత పెట్టుకోని గుటుక్కున మింగేసినాడు. ఎట్లుండాదయ్యా అంటే, పోయింది అంటాడు. ఏం పోయింది అంటే, లోపలికి పోయింది అంటాడు. నేను గెలుస్తాండా గాని గెలిచినట్టు లేదు. గడ్డివాముకు కూర పెట్టినా అంతే గదా. ఇరవై ఎనిమిదో దినం ఆదివారం. ఈ పొద్దు ఈ మనిషి నోట్లో నుంచి బాగుందన్న మాట రప్పించాల్సిందే అని కాకరకాయకు పూనుకున్నా.

బొటనవేలంత లేత కాయలు పన్నెండు ఏరినా. గాటు పెట్టి, గింజలు తీసి, ఉప్పు రాసి చేదు పిండేసినా. వేయించిన చెనిక్కాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ఎండు మిరపకాయలు, చింతపండు, బెల్లం దంచి కూరినా. ఇంక కట్టాల. చూస్తే ఇంట్లో దారం లేదు. పక్కింటి కాశీంబీ బొంతలు కుడతాది. ఆమెను అడిగి బొంత అంచుకు కుట్టే ఎర్ర దారం తెచ్చుకున్నా. మూడు పోగులు పేనిన దారం, ఎద్దును కట్టినా తెగదు. బొంత సగంలో ఉండాది, దారం తెంపకుండా మధ్యాన్నానికి తెచ్చియ్యక్కా అని గట్టిగా చెప్పి ఇచ్చింది.

మా కూతురైతే ఒక్కో కాయకు ఒక్కో దారం కట్టి, వడ్డించే ముందు ఒక్కోటీ కోసి తీస్తాది. పన్నెండుసార్లు కట్టేది, పన్నెండుసార్లు కోసేది. పైగా నేను దారం తెంపగూడదు. కూచోని ఆలోచన చేసినా. మొదటి కాయకు చుట్టి, రెండు మూరలు వదిలి రెండోదానికి చుట్టి, మళ్ళా రెండు మూరలు వదిలి మూడోది. పన్నెండు కాయలూ ఒకే దారం మీద. దించినాక ఒక కొస పట్టుకోని లాగితే దారం దారంగా కాశీంబీకి, కాయలు కాయలుగా మాకు. మిషను బడి నన్ను నాలుగో తరగతితో వదిలిపెట్టకపోయింటే ఈపాటికి ఇంజనీరయ్యుందును.

కూర దించినా. వాసనకు వీధి కుక్కలు మా వాకిట్లో బారు తీరినాయి. ఇంక దారం లాగడమే తరువాయి. అంతలో ప్రార్థన నుంచి వచ్చిన ముసలాయన కంచం ముందర కూచోని, ఏమే, వారానికొకసారన్నా టైముకు పెడతావా అని కేకేసినాడు. పెరట్లో నుంచి రూతు అడిగింది.

"అత్తా, దారం తీసినావా?"

తీయబోతాండా అని చెప్పింటే ఏం పోయింది? కానీ కోడలు అడిగింది. నేను ఈ పొయ్యి దగ్గర కూచున్న నాటికి దాని అమ్మకు పెండ్లి గూడా కాలేదు.

"తీసినాలే. నాకు చెప్పొచ్చినావా."

ఆ మాట అన్నాక దారం సంగతి నిజంగానే మర్చిపోయినా. మా వంటింట్లో మిద్దె గవాచిలో నుంచి పడే వెలుతురు తప్ప వేరే లేదు. మసాలా ఎరుపు, దారం ఎరుపు. నాకు కంటి అద్దాలు కావాలని కొడుకు ఒకటే పోరు. నా కండ్లు బాగానే ఉండాయి, వెలుతురే వయసు మళ్ళింది. చట్టి పక్కన పెట్టుకోని, ముసలాయన కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తాంటే ఒక కాకరకాయ తీసి సంగటి పక్కన పెట్టినా. ఆమేన్ అన్నాడు. చెయ్యి దానంతట అదే పోయింది. కాయను సంగటి ముద్దలో పొదిగినాడు, నోట్లో వేసుకున్నాడు, గుటుక్.

రెండో ముద్దకు పోయిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. కండ్లు కోడిగుడ్లంత అయినాయి. పెదవుల మధ్య నుంచి ఎర్ర దారం, కంచం మీదుగా, నా చట్టిలోకి.

దారం ఒక కొస మొగుని కడుపు దారిలో, ఇంకో కొస పదకొండు కాకరకాయల్లో. ఊపిరి బాగానే ఆడతాండాది, లేకుంటే అంత గట్టిగా ఊఁ ఊఁ అని నన్ను తిట్టలేడు. లేయబోయినాడు. దారం బిగిసింది. చట్టి ఆయన వైపుకు జానెడు జరిగింది, లోపలున్న కాయ గొంతులో కదిలింది. మళ్ళా దబ్బున కూచున్నాడు.

"లేయొద్దయ్యా," అన్నా నేను.

ఆ మాట అన్నది ఆయన ప్రాణం కోసరమే. ఒప్పందం సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది. రెండు రెప్పపాట్ల తర్వాత.

రూతు పరిగెత్తుకోని వచ్చింది. దారం వైపు చూసింది, నా వైపు చూసింది. తిట్టినా బాగుండు. దారాన్ని రెండు చేతులా తెంపబోయింది, తెగలేదు. కత్తిపీట తెచ్చింది. ఆ కత్తిపీట మూతి దగ్గరికి రావడం చూసి ముసలాయన కూచున్నపాటునే గోడ దాకా వెనక్కి పాకినాడు. ఆయన వెంబడి చట్టీ పాకింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కాశీంబీ. దారం కోసం వచ్చింది. లోపలికి తొంగి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకోని నిలబడిపోయింది.

"యా అల్లా. అక్కా, అది నా దారమేనా?"

"నీదే."

"తెంపినావా?"

"తెంపలేదమ్మా, అదే గదా బాధ."

ఆమె వచ్చే నవ్వును కొంగులో కుక్కుకోని, అన్నా, గాభరా పడొద్దు అని మా ఆయనకు ధైర్యం చెప్పింది. బొంతలో దారం ఇరుక్కుంటే గుంజగూడదంట, వదులు చేసి మెల్లగా రాబట్టుకోవాలంట. చిక్కని మజ్జిగ తాపమంది. రూతు గ్లాసు పట్టింది. రెండు గుక్కలు లోపలికి, నేను బెత్తెడు దారం బయటికి. మళ్ళా రెండు గుక్కలు, మళ్ళా బెత్తెడు. మూడోసారికి కాకరకాయ బయటికొచ్చి నా చేతిలో పడింది.

మీరేమన్నా అనుకోండి, నేను మొదట చూసింది దాని కట్టు. అంత దూరం పోయొచ్చినా విచ్చుకోలేదు, మసాలా ఒక్క పలుకు రాలలేదు. కట్టడమంటే అదీ.

ముసలాయన మూతి తుడుచుకోని, గొంతు సవరించుకోని, మొట్టమొదట అన్న మాట ఒకటే.

"లేస్తాండా."

కంచంలో సంగటి ముక్కాలు అట్లే ఉండాది. ఆయన లేస్తే ఇరవై ఏడు దినాల కూరలూ మట్టిలో కలిసినట్టే. కడప నుంచి కొంగున తెచ్చిన విత్తనాలూ అంతే. నేను చచ్చేదాకా ఊరిబిండి నూరాల. రూతు నా దిక్కే చూస్తాంది. తప్పు నాదే. అయినా తల వంచితే నేనెట్లయితా?

"లెయ్. నేను వద్దనను. ఒక్కటి నమిలి చూసి లెయ్. సంగటి గూడా వద్దు, ఉత్త కాయ. నలభై అయిదేండ్లు వండి పెట్టినా, నా వంట నీ నాలిక మీద ఒక్క నిమిషం నిలబడింది లేదు. నీ గొంతుకు నేను తెలుసు గాని నీ నోటికి నేనెవరో తెలీదు."

ఆయన నన్ను అట్లే చూసినాడు. పెండ్లి దినం గూడా అంత సేపు చూడలేదు. చట్టిలో నుంచి ఒక కాయ తీసినాడు, దారం ఊడబెరికినాడు, ముందూ వెనకా తిప్పి చూసినాడు, కొస కొరికినాడు. ఆ ఏడు పండ్లూ ఒకదాన్నొకటి వెతుక్కునే దానికి కొంచెం సేపు పట్టింది. నమిలినాడు. కాశీంబీ గడప మీద కూచుండిపోయింది. ఆయన ఇంకా నములుతానే ఉండాడు. దవడ ఆగింది. మళ్ళా నమిలినాడు.

తర్వాత దారం పట్టుకోని మెల్లగా లాగినాడు. బాయిలో నుంచి బొక్కెన వచ్చినట్టు చట్టిలో నుంచి ఇంకొక కాకరకాయ వచ్చింది. దాన్నీ నమిలినాడు. అప్పుడు అడిగినాడు.

"నిన్నటి బీరకాయ గూడా ఇట్లే ఉండిందా?"

"నాకేం తెలుసు, మింగినోనివి నువ్వు."

మళ్ళా దారం లాగినాడు.

లేయలేదు. మీరు ఎవరినన్నా అడగండి, సాక్షులు ఇద్దరుండారు. ఆ దినం ఆయన లేచింది పొద్దు వాలినాక. అప్పటికి కంచంలో సంగటి లేదు, దారం మీద ఒక్క కాయ గూడా లేదు. కాశీంబీ దారాన్ని మూడు నీళ్ళలో ఉడికించి ఇచ్చినా. ఆ బొంత తీసుకున్నోళ్ళు, కప్పుకుంటే ఆకలవుతాందని చెప్తాండారంట.

నెల నిండింది, ఇప్పుడు మా ఇంట్లో దినమూ కూర. ఒప్పందం ఒప్పందమే. పొద్దున లేస్తూనే ఈ పొద్దు ఏం కూర అని ఆయనే తీగల వెంబడి తిరుగుతాండాడు. ప్రతి ముక్కా వెలుతురుకు పెట్టి దారం ఉందేమోనని చూస్తాడు, ఆనక ఏడు పండ్లతో నములుతాడు, బాగుండాది అంటాడు, ఇంకొంచెం వెయ్యి అంటాడు. మధ్యాన్నం మొదలుపెట్టిన భోజనం దీపాలు పెట్టే వేళకు ముగుస్తాది. వడ్డించేది నేను, కడన తినేది నేను. చట్టిలో చెయ్యి పెడితే అడుగు తగులుతాది.

కాబట్టి ఎవరన్నా అడిగితే, ముసిల్దే గెలిచిందని గట్టిగా చెప్పండి. ఆమె ఏం తింటాంది అని అడిగితే మాత్రం మాట మార్చండి. నేను లేయాల, ఊరిబిండికి చెనిక్కాయలు వేయించుకోవాల.