ఎలపట ఖాళీ

మా ఊళ్ళో కొన్నింటిని ఒంటెద్దు ఇళ్ళు అనేవాళ్ళు. రెండెకరాలో మూడెకరాలో మడి, దానికి ఒకే ఎద్దు. రెండో ఎద్దును కొనే స్తోమత ఉండదు, కొన్నా మేపడానికి గడ్డి చాలదు. అలాంటి ఇళ్ళు రెండు పొత్తు కలిసి, చెరొక ఎద్దు తెచ్చి ఒక కాడి కట్టేవి. ఒకరోజు వీళ్ళ మడి, ఇంకోరోజు వాళ్ళ మడి. ఎవరి మడి దున్నితే ఆ రోజు ఇద్దరికీ ఆ ఇంట్లోనే అన్నం.

మాదీ ఒంటెద్దు ఇల్లే. నా ఎద్దు ఎర్రది, దాపటిది. అంటే కాడికి ఎడమ పక్కన నడిచేది. పక్కింటి అన్నది తెల్లది, ఎలపటిది, కుడి పక్కన నడిచేది. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్కన మరిపితే, అంటే కాడికి అలవాటు చేస్తే, ఎద్దు చచ్చేదాకా ఆ పక్కనే నడుస్తుంది. రెండో పక్కన కడితే దానికి దారి తెలియదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద, ముగ్గురు కొడుకుల తండ్రి. మా అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. నా మడి దున్నే రోజున అన్నం పెట్టాల్సిన వంతు నాదే అయినా, వండేవాళ్ళు లేరని వదిన రెండు రోజులూ తనే పెట్టేది. నేను బియ్యం ఇచ్చేవాణ్ణి. కొలిచి ఇస్తే ఆమెకు కోపం వచ్చేది, కొలవకుండా ఇస్తే నాకు తోచేది కాదు.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. లెక్కలు మాత్రం విడవలేదు. వంకర మడిని మూడు మూలల ముక్కలుగా కోసి, ముక్కముక్కకూ విస్తీర్ణం కట్టి కూడడం నాకు నేనే నేర్చుకున్నాను. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు మడి కొలవడానికి తాడు పట్టుకు రమ్మని నన్ను పిలిచేవాళ్ళు. అలా కొలవగా కొలవగా నాకు ఒక సంగతి తెలిసింది. తాతల నాడు గట్టు మీద నిలబడి కేకేస్తే వినపడనంత ఉన్న మడి, మనవళ్ళ నాటికి మంచం వాల్చుకునేంతకు వస్తోంది. దానికి తోడు మాది కాలువ చివరి ఊరు. సంగం ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్ళు బుచ్చిరెడ్డిపాలెం దాటి, దారిలో అందరి మడులూ తడిపి, మిగిలితే మా దాకా వచ్చేవి. మా తర్వాత సరుగుడు తోపులు, ఆ తర్వాత సముద్రం. మేము జరగడానికి తూర్పున చోటు లేదు.

యాభైల చివర్లో బుచ్చిరెడ్డిపాలెం గ్రంథాలయంలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. అమెరికా చరిత్ర, తెలుగులో రాసింది. అక్కడి జనం తూర్పు తీరం నుంచి పడమటికి ఎట్లా జరుగుతూ పోయారో అందులో పెద్ద అధ్యాయం ఉంది. కారణాలు ఒకచోట, ఫలితాలు ఒకచోట విడగొట్టి, వరస సంఖ్యలు వేసి రాశారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. తూర్పున జనం పెరిగారు, మంచి భూమి చాలలేదు. పడమట భూమి చవక. కొందరికి బంగారం ఆశ. తర్వాత రైలు వచ్చింది. పోయి ఐదేళ్ళు నిలబడి సేద్యం చేసినవాడికి ప్రభుత్వమే నూట అరవై ఎకరాలు ఇచ్చిందట. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఊరి మాగాణి అంతా కలిపినా అలాంటివాళ్ళు నలుగురికి సరిపోదు.

సాయంత్రాలు అన్న వాళ్ళ అరుగు మీద కూచుని చదివింది చెప్పేవాణ్ణి. అన్న ఊరి కబురు విన్నట్టు వినేవాడు. వదిన చేటలో బియ్యం ఏరుకుంటూ ఒక రోజు అడిగింది.

"బండ్లు కట్టుకుని పోయినారంటివే, ఆ బండ్లల్లో ఆడోళ్ళు ఏమేం పెట్టుకపోయినారో రాసుండాదా దాంట్లో?"

లేదన్నాను.

"అయితే అది రాసినోడు ఎప్పుడూ ఇల్లు మారలా" అంది.

అన్నకు అమెరికా మీద ఆసక్తి ఎందుకో కొన్నాళ్ళకు తెలిసింది. మా వైపు కూడా పడమటి మాట మొదలైంది. తుంగభద్రకు ఆనకట్ట కట్టారని, కొత్త కాలువ కింద నల్లరేగడి భూములు అమ్ముతున్నారని, ఇక్కడ ఎకరా అమ్మితే అక్కడ ఏడెనిమిది వస్తాయని చెప్పుకుంటున్నారు. పోయినవాళ్ళు గుడిసెలు వేసుకుని, వాటిని క్యాంపులని పిలుస్తున్నారట. అన్న నన్ను లెక్క కట్టమన్నాడు. ఉన్న మడిని ముగ్గురు కొడుకులకు పంచి చూశాను, ఆ ముగ్గురి పిల్లలకూ పంచి చూశాను. మూడుసార్లు కట్టినా లెక్క పొమ్మనే చెప్పింది.

ఆ వేసవిలో భూమి చూడడానికి ఇద్దరం కలిసి పోయాం. రైళ్ళు మారి, బస్సు దిగి, నెర్రెలిచ్చిన నల్లనేల మీద నడిచాం. గట్లకూ తాటిచెట్లకూ అలవాటైన నా కళ్ళకు ఆ వెడల్పు చూస్తే దిగులు పుట్టింది. అమ్మేది ఒక ముసలి రైతు. కన్నడం మాట్లాడేవాడే అయినా తెలుగు కొంత వచ్చు. తరతరాలుగా జొన్న, పత్తి పండించినవాళ్ళు. ఇప్పుడు కాలువ నీళ్ళు పారాలంటే చేను చదును చేయించాలి, గట్లు వేయించాలి, ఆ ఖర్చు ఆయనకు అందేది కాదు. నేను తాడు తీస్తే, రెండో కొస తనే పట్టుకుని నిలబడ్డాడు. తన చేను కొలతకు తనే తాడు పట్టాడు. మూల మూలకూ మాకన్నా ముందు నడిచి, ఇక్కడ, ఇక్కడ అని చూపించాడు.

కొలత అయ్యాక జొన్నరొట్టె పెట్టాడు. తింటుంటే అడిగాడు.

"మీ ఊళ్ళో మీ చేను ఎవరికిచ్చి వస్తిరి?"

ఇంకా ఇవ్వలేదని, మా ఊరి పెద్దరైతు అడుగుతున్నాడని అన్న చెప్పాడు.

"ఆయనకు ముందే శానా ఉందేమో?"

"ఉండాది" అన్నాడు అన్న.

"అయితే మీరూ మా మాదిరే" అని ముసలాయన నవ్వాడు. ఆయన ఎక్కడికి పోతాడని నేను అడిగాను. ఎక్కడికీ పోనని, కాలువ పని ఉంది కదా, కూలికి పోతానని చెప్పాడు.

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. అమెరికా పుస్తకంలో అంతకుముందు నుంచీ అక్కడున్న తెగల సంగతి ఫలితాల కింద ఉంది. వాళ్ళను చోటు నుంచి చోటుకు నెట్టారని ఒకటిన్నర పేజీలో ముగించారు. మొదటిసారి చదివినప్పుడు అది వరసలో ఒక సంఖ్య. ఇప్పుడు తాడు కొస పట్టుకున్న చెయ్యి గుర్తొస్తోంది. మేము ఎవరినీ నెట్టలేదు, ఆయన అడిగిన ధరకే కొంటున్నాం. అయినా లెక్కలో ఏదో శేషం మిగిలినట్టు అనిపించింది.

అన్న అమ్మకం ఖాయం చేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వూ రా అబ్బయా. నీ రెండెకరాలకు పదిహేను వస్తాయి. రాకుంటే ఎర్రదాన్నన్నా నాకియ్యి. జత పగలగొట్టడం నాకిష్టం లేదు."

నేను రెండూ కుదరవన్నాను. ఎద్దునిస్తే నా సేద్యం ఏమవుతుంది? ఉండడానికి నా లెక్క నాకుంది. అన్న పోయాక నాతో కలిపి ఊళ్ళో ఐదు ఒంటెద్దు ఇళ్ళు ఉంటాయి. ఐదులో రెండు జతలు పోతే మిగిలేది ఒకటి. ఆ ఒకటీ నేనే కావాలని ఏముంది? పైగా నాతో పొత్తంటే కాదనేవాళ్ళు లేరు. ఇదంతా చెప్పాను. అన్న తలాడించాడు. వదిన మాత్రం గడపలో నిలబడి, నా వైపు చూడకుండా, "ఎద్దుకు జత దొరుకుతాదిలే. నీకు అన్నం ఎవురు పెడతారో అది కట్టు లెక్క" అంది.

పంట కోతలయ్యాక వాళ్ళు బయలుదేరారు. అద్దెకు తెచ్చిన బండి మీద మొలగొలుకుల వరి విత్తనం మూట, రోకలి, గడ్డిలో చుట్టిన ఆవకాయ జాడీలు, కోళ్ళ గంప, తిరగలి. తిరగలి రెండు రాళ్ళనూ వదిన రెండు వేరు వేరు గోతాల్లో కట్టింది, ఒకటి పోయినా ఒకటి మిగులుతుందని. ఒక్క రాయి ఎందుకు పనికొస్తుందని నేను అనలేదు. బండి కదిలేటప్పుడు, "ఇవన్నీ రాసి పెట్టుకో, నీ పుస్తకంలో లేనివి" అంది. తెల్లెద్దు బండి వెనక కట్టి ఉంది. ఎర్రది కొట్టంలో అరుస్తూ ఉంది.

ఆ ఏడు దుక్కి రోజులు వచ్చాయి. కింద వీధి పెద్దమ్మకు ఒక ఎద్దుంది. భర్త లేడు, సేద్యం తనే చేయించేది. ఆమెతో పొత్తు మాట్లాడుకుని కాడి కట్టాను. రెండూ ఎడమ పక్కకే వచ్చి నిలబడ్డాయి. పెద్దమ్మ ఎద్దును కుడి పక్కకు తోస్తే అది కాడి కింద నుంచి ఇవతలికి వచ్చేసింది. దాన్ని ఎడమకు కట్టి ఎర్రదాన్ని కుడికి తోశాను. అదీ అంతే. సాలు పాములా పోయింది.

"నీదీ దాపటిదేనా? నాకు చెప్పలేదే" అన్నాను.

"నువ్వు అడగలేదే" అని పెద్దమ్మ నవ్వింది. "ఊళ్ళో ఇప్పుడు ఎలపటి ఎద్దు యాడుండాది నాయనా?"

మిగతా మూడిళ్ళకూ పోయి చూశాను. మూడూ దాపటివే. నేను లెక్క కట్టిన నాడు ఆ నాలుగిళ్ళలో రెండు ఎలపటివి ఉండేవి. మా ఊళ్ళో బలమైనదాన్ని ఎలపట మరపడం అలవాటు. వేసవిలో పక్క ఊళ్ళ నుంచి పడమటికి పోయే ఒంటెద్దు ఇళ్ళవాళ్ళు, దాపటిది అక్కడ కొనుక్కోవచ్చని, పైడబ్బు ఇచ్చి ఆ రెంటినీ కొనుక్కుని, తమ బలహీనపు దాపటివాటిని మారుగా వదిలిపెట్టి పోయారు. ఇళ్ళు ఐదే, ఎద్దులు ఐదే. అంకె మారలేదు కాబట్టి నేను తిరిగి చూడలేదు.

కొత్తగా ఎలపటిది కొనే స్తోమత ఎవరికీ లేదు. ఎర్రదాన్నే కుడికి మరపాలని చూశాను. ఒంటరిగా ఇసుకలో నడిపించాను, పక్కన నేనే నడిచాను. దాని మెడ మీద పుండు పడింది కానీ దారి పడలేదు. చివరికి పెద్దరైతు అరక ఖాళీ అయినప్పుడు అద్దెకు దున్నించాను. అప్పటికి ఆలస్యమైంది. నారు ముదిరింది, పైర్లు పాలు పోసుకునే వేళకు కాలువ నీళ్ళు మా దాకా రాలేదు. సగం తాలు. మరుసటేడు మడిని ఆ పెద్దరైతుకే కౌలుకిచ్చాను. అన్న మడి కొన్నది కూడా ఆయనే. అరక తిరగడానికి అడ్డమని మా రెండు మడుల మధ్య గట్టు తీయించాడు. నేను తాడు వేసి కొలిచిన గట్టే అది. మీ చేను ఎవరికిచ్చి వస్తిరి అని ముసలాయన అడిగింది, ఎక్కడికీ పోకుండానే నాకూ వర్తించింది.

ఆ చలికాలం పుస్తకం మళ్ళీ తెచ్చుకున్నాను. పోయినవాళ్ళకు ఏం జరిగిందో ఉంది, అక్కడ ముందున్నవాళ్ళకు ఏం జరిగిందో కొంచెం ఉంది. తూర్పున మిగిలినవాళ్ళ పొలాల్లో ఎవరు ఎవరితో కాడి కట్టారో ఎక్కడా లేదు. పుస్తకం తప్పని అనను. అది ఎద్దుల సంగతి చెప్పే పుస్తకం కాదు.

ఆ తర్వాతి వేసవిలో అన్న వచ్చాడు. మా వైపు నుంచి ఇంకో మూడు కుటుంబాలు పడమటికి పోతుంటే, వాళ్ళ లారీని కుదిర్చింది ఆయనే. నల్లబడ్డాడు. పంట బాగుందని, నేల లోతని, నీళ్ళకు కొదవ లేదని చెప్పాడు. తెల్లదానికి అక్కడే ఒక దాపటి ఎద్దును కొన్నాడట.

"దానికి కన్నడమొస్తాది, నాకు రాదు. నేను ఆగమంటే పోతాది, పొమ్మంటే ఆగతాది. తెల్లది మధ్యలో నలిగి చస్తుండాది" అన్నాడు. ఆ ముసలాయన ఏమయ్యాడని అడిగాను. మా చేలోనే కూలికొస్తాడు, నీళ్ళు కట్టడంలో మంచి మనిషి అని చెప్పాడు.

ఎర్రదాన్ని తీసుకుపొమ్మని నేనే అన్నాను. కొట్టంలో కట్టేసి దాన్ని ఊరికే మేపుతున్నాను. జతగా అక్కడ నడుస్తుందంటే అక్కడికే పోనీ. ధర ఆయన చెప్పిందే నాకు సరే.

లారీ వెనక పలక వాల్చారు. ఎర్రది ఎక్కలేదు. ముందు నుంచి లాగారు, వెనక నుంచి తోశారు. కాళ్ళు పాతేసినట్టు నిలబడింది. దాని కుడి పక్క ఖాళీగా ఉంది. నాకు తోచి, వెళ్ళి కుడి పక్కన నిలబడి భుజం ఆనించి ఒక అడుగు వేశాను. అదీ వేసింది. ఇద్దరం కలిసి పలక మీదుగా లోపలికి ఎక్కాం. సామాన్ల మధ్య చోటుంది. మెడకు తాడు కట్టి, గంగడోలు నిమిరాను. పుండు మానిన చోట వెంట్రుక తెల్లగా వచ్చింది.

కింద నుంచి అన్న చూస్తున్నాడు.

"అట్టే నిలబడబ్బయా. డ్రైవర్ని పోనీమంటా" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ పలక ఎత్తమని చెప్పలేదు, నా ముఖం చూస్తూ ఆగాడు. "మీ వదినకు మనిద్దరికీ వండమనే చెప్పొచ్చినాను" అన్నాడు మళ్ళీ, నెమ్మదిగా.

మడి కౌలులో ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. ఈసారి లెక్క కట్టడానికి కూడా ఏమీ లేదు, అన్నీ ఒక వైపే ఉన్నాయి. నేను పోతే నాకోసం ఇంకొకరు తాడు రెండో కొస పట్టాలి, అది ఒకటి. అంత వెడల్పు నేల మీద నేను ఏ పక్కన నడవాలో తెలియక భయం వేసింది, అది రెండోది. రెంటిలో ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దిగాను. పలక ఎత్తారు. లారీ తాటితోపు మలుపు తిరిగేదాకా ఎర్రది తల కుడి పక్కకు తిప్పి చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చి అలవాటు కొద్దీ తొట్టిలో కుడితి పోశాను. పోశాక గుర్తొచ్చింది. పారబోయలేక పెద్దమ్మ ఇంటికి పోయి, ఆమె ఎద్దును తోలుకురమ్మని చెప్పాను.