తలుపు బాబాయి మతిమరుపు

మా కార్యాలయ భవనంలో తలుపుకు మనుషులను పరిచయం చేసే పెద్దమనిషి ఒకరుండేవారు. ఉద్యోగరీత్యా కాపలాదారు, మా అందరికీ తలుపు బాబాయి.

ఆ తలుపు ఏ కంప్యూటరుకూ కలపనిది. మా కార్డుల గుర్తులన్నీ దాని పక్కనున్న అరచేతంత పెట్టెలోనే ఉండేవి. ఆ పెట్టె తరచూ మమ్మల్నందరినీ ఒకేసారి మరిచిపోయేది. ఏ కార్డు చూపినా ఎర్రదీపమే. అప్పుడు బాబాయి తన పెద్దకార్డు తాకించి, మమ్మల్ని వరుసలో నిలబెట్టి, తలుపుకు పరిచయం చేస్తూ ఒక్కొక్కరి కార్డునూ మళ్ళీ పెట్టెలోకి ఎక్కించేవారు.

"అమ్మా, ఈయన పళ్ళ డాక్టరుగారు. చెయ్యి తేలిక, బిల్లు బరువు. ఈవిడ లాయరమ్మ. ఈసారైనా గుర్తుపెట్టుకో తల్లీ, లేకపోతే నీ మీద కేసు వేస్తుంది."

"బాబాయ్, కోర్టుకు వేళయింది. యంత్రానికి మా వంశచరిత్ర చెప్పడం అవసరమా?" అనేదాన్ని నేను.

"పెద్దదైపోయిందమ్మా, మతిమరుపు. విసుక్కుంటే ఉన్నదీ మరిచిపోతుంది."

ప్రపంచాన్ని సరిదిద్దుదామని న్యాయశాస్త్రం చదివిన నేను, ఏడాది తిరగకుండానే ఒక తలుపు ముందు అలసిపోయాను. ఒక వర్షపు ఉదయం ఆ వరుసలో తడిసి, కోర్టుకు చేరేసరికి నా కేసు వాయిదా పడింది. కక్షిదారు నన్ను తిట్టనైనా తిట్టలేదు, నిట్టూర్చాడు. సాయంత్రమే ఫిర్యాదు రాశాను. భవన యజమాని ఫోనులో తేల్చి చెప్పాడు: "అందరిచేతా సంతకాలు పెట్టించండి. అతణ్ణి మర్నాడే పంపించేస్తాను."

వరుసలో అందరికంటే గట్టిగా అరిచే పళ్ళ డాక్టరు దగ్గరికే ముందు వెళ్ళాను. ఆయన కలం కోసం బల్లంతా వెతికారు.

"జేబులోనే ఉంది, డాక్టరుగారూ."

"ఉందిలే... అమ్మాయ్, ఆ తలుపు దగ్గరికి వెయ్యి." గొంతు తగ్గించారు. "పోయినవారం నా కార్డు ఎక్కడో పడిపోయింది. కార్డు చేతిలో ఉంటే దాన్నొక్కదాన్నే చెరపవచ్చట. పోయినదైతే అందరివీ చెరిపి మళ్ళీ ఎక్కించాలట. లేకపోతే దొరికినవాడు దర్జాగా లోపలికొస్తాడు."

"ఆ మాటే అందరికీ చెప్పవచ్చు కదా?"

"చెబితే యజమాని ఊరుకుంటాడా? పోగొట్టుకున్నవాళ్ళ పేరు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించమన్నాడుగా! కార్డే దాచుకోలేనివాడికి రోగులు నోరెలా అప్పగిస్తారు? బాబాయి నెపం తలుపు మీదకు నెట్టేశాడు. నా ఒక్కడికోసమేనమ్మా. ఎవరితోనూ అనకు."

రెండో అంతస్తులో పాఠాలు చెప్పే మాస్టారి కార్డూ ఒకసారి పోయిందట; బాబాయి ఆ నెపం చెప్పిందీ ఆయన ఒక్కరికోసమేనట. ఇక మిగిలింది నేను జూనియరుగా పనిచేసే లాయరు, మా సీనియరు. ఆవిడ ఫిర్యాదు ఆసాంతం చదివి, భాషను మెచ్చుకుని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"నాది రెండుసార్లు పోయింది. కాగితం లోపల పెట్టు."

నా ఒంటరి సంతకంతో కిందికి దిగాను. బాబాయి తలుపు అద్దం తుడుస్తున్నారు.

"ఎంతమంది కార్డులు పోయాయి బాబాయ్?"

"తలుపుకు గుర్తుండదమ్మా."

"తలుపును కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ కాగితంతో మీ ఉద్యోగం ఊడేది, తెలుసా?"

ఆయన గుడ్డ పిండి ఆరేశారు. "ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కదమ్మా. తలుపయితే నయం. సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాంబిడ్డల ముఖం చూడనక్కర్లేదు."

వాదించే ఓపిక నాకు లేదు. పైకి వెళ్ళి ఫిర్యాదులో ప్రతివాదిని మార్చాను: తొలగించవలసినది కాపలాదారును కాదు, పేర్లు రాయించే నిబంధనను. ఈసారి డాక్టరుగారి కలం దానంతటదే బయటికి వచ్చింది. మాస్టారు సంతకం కింద రెండు గీతలు కూడా గీశారు.

కాగితం బాబాయికి చూపించాను.

"నేనూ సంతకం పెట్టాలా అమ్మా?"

"వద్దు, మీరు సాక్షి. ఎవరెవరివి పోయాయో చెప్పమని యజమాని నిలదీస్తే ఏమంటారు?"

బాబాయి తల గోక్కుంటూ చాలాసేపు ఆలోచించారు.

"ఏ యజమానమ్మా?"