ప్రపంచకప్ రోజున ‘ఇంకో పేజీ’

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు నన్ను నందిగామ ప్రాంతీయ కార్యాలయానికి ఇన్‌చార్జిగా వేశారు. నందిగామ, జగ్గయ్యపేట నియోజకవర్గాలకు కలిపి రోజూ ఒక పేజీ తయారుచేసి విజయవాడ ప్రెస్సుకు పంపడం నా పని. దాన్ని పత్రికల వాళ్లం జోన్ పేజీ అంటాం. పత్రికలో మిగతా పేజీలు రాష్ట్రమంతటికీ, లేదా జిల్లా అంతటికీ ఒక్కటే. ఈ ఒక్క పేజీ మాత్రం కీసర దాటి ఇటు వస్తే ఒకటి, మైలవరం వైపు వెళ్తే మరొకటి. చిల్లకల్లు దగ్గర లారీ బోల్తా పడినా, చందర్లపాడులో యూరియా దొరక్కపోయినా ఇందులోనే రావాలి.

నేను చెప్పబోయేది ఆ ఏడాది నవంబరులో, క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ జరిగిన ఆదివారం సంగతి.

శనివారం ఉదయమే విజయవాడ నుంచి ఎడిషన్ ఇన్‌చార్జి, అంటే జిల్లా పేజీలన్నిటికీ పై అధికారి, ఫోన్ చేశాడు. మామూలుగా జోన్ పేజీ అన్నిటికంటే ముందు ప్రెస్సుకు చేరాలి. రేపు మ్యాచ్ ముగిసేసరికి మన గడువు దాటిపోతుంది కాబట్టి రెండు పేజీలు ముందే సిద్ధంగా ఉంచమన్నాడు. ఇండియా గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. ఫలితం తెలియగానే ఏది వెయ్యాలో ప్రెస్సుకు ఒక్కమాట చెబితే చాలు.

గెలుపు పేజీకి ఏ ఇబ్బందీ లేదు. సగం పేజీ ‘విశ్వవిజేతలకు శుభాకాంక్షలు’ అంటూ స్థానిక నాయకుల ప్రకటనలు, గెలిస్తేనే వేయాలనే షరతుతో. మిగతా సగం సెమీఫైనల్ గెలిచిన రోజు తీసిన సంబరాల ఫోటోలు. చిక్కల్లా రెండో పేజీతోనే వచ్చింది. మా పేజీ ఆపరేటర్ సాంబయ్య కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

“ఓటమి పేజీ నా చేత్తో పెట్టను సార్. మ్యాచ్ అవకముందే అపశకునం. మా ఆవిడకి తెలిస్తే అన్నం కూడా పెట్టదు” అన్నాడు.

నేను చిన్నప్పటి నుంచీ చర్చి ఆదివారం బడిలో, ఆ తర్వాత సంఘంలో వాక్యం నేర్చుకుంటూ పెరిగినవాడిని. శకునాల మీద నమ్మకం లేదు. జరిగేది దేవుని చేతిలో ఉంది గానీ సాంబయ్య మౌసులో లేదని చెప్పాను. చివరికి అతను రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. ఫైలుకు ‘ఓటమి’ అని పేరు పెట్టకూడదు, కంప్యూటర్ మీద నిమ్మకాయ ఉంటుంది. నిమ్మకాయ సంగతి నేను చూడనట్టు ఊరుకున్నాను. ఫైలుకు అతనే ‘ఇంకో పేజీ’ అని పేరు పెట్టాడు. సాయంత్రానికి ఆఫీసులో అందరూ ఆ పేజీని అలాగే పిలవసాగారు, కాస్త గొంతు తగ్గించి.

ఇండియా ఓడితే ప్రకటనలుండవు, సంబరాలుండవు. మరి పేజీ దేనితో నింపాలి? సరిగ్గా అప్పుడే చందర్లపాడు నుంచి వ్యాయామ ఉపాధ్యాయురాలు విజయకుమారి గారు మెట్లెక్కి వచ్చారు. వెంట కబడ్డీ జట్టు కెప్టెన్ నాగమణి, ఆ అమ్మాయి తండ్రి వెంకటేశ్వర్లు. ఆయన మిర్చి రైతు. మర్నాడు ఉదయం జగ్గయ్యపేటలో బాలికల కబడ్డీ టోర్నమెంటు ఫైనల్, చందర్లపాడుకూ పేటకూ. మధ్యాహ్నమైతే క్రికెట్ వదిలి ఒక్క మనిషి కూడా రాడని నిర్వాహకులు ఆటను పొద్దుటికి జరిపారట. నాగమణి అప్పటికే రాష్ట్ర జట్టు ఎంపిక శిబిరానికి పిలుపు అందుకుంది. తండ్రే పంపనంటున్నాడు.

“ఊళ్లో ఒకటే గోలండి. ఆడపిల్ల నిక్కరేసుకుని ఊళ్లెమ్మట తిరుగుతోందంట. పేపర్లో ఫోటో పడితే నోళ్లు మూతపడతయ్. పడితే పంపిస్తా, లేకపోతే లేదు” అన్నాడాయన.

“మా నాన్న నా ఆట ఒక్కసారి కూడా చూళ్లేదండి. పేపరు మాత్రం రోజూ చదువుతాడు” అంది నాగమణి.

“చదివేదాన్ని నమ్మాలా, నిన్ను నమ్మాలా?” అన్నాడు తండ్రి.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఇండియా గెలిస్తే కింద మూలన సింగిల్ కాలమ్, అంటే పేజీ వెడల్పులో ఎనిమిదో వంతు, ఫోటో లేకుండా. ఓడితే పేజీ పైభాగమంతా మీ అమ్మాయిదే. వెంకటేశ్వర్లు “అయితే మా పిల్ల పేటోళ్ల మీద గెలిస్తే సరిపోదు, ఇండియా కూడా ఓడాలన్నమాట” అన్నాడు. విజయకుమారి గారు నవ్వబోయి ఆపుకున్నారు.

ఆదివారం ఆరాధనకు వెళ్లేసరికి నాకు అసలు పరీక్ష ఎదురైంది. పాస్టరు గారు ఇండియా గెలుపు కోసం ప్రత్యేక ప్రార్థన ఉంటుందని ప్రకటించి, “పేపరులో పనిచేసే మన పెద్ద గారు నడిపిస్తారు” అని నా వైపు చూశారు. సంఘమంతా తలలు వంచింది. దేశం ఓడిపోవాలని ఏ నోటితో అడగను? గెలిపించమని అడిగితే, దేవుడు నా మాట వింటే, ఆ పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. మోకాళ్ల మీద ఉండి దొంగమాట పలకడం నాకు చేతకాదు. అందుకని ఆటగాళ్లకు దెబ్బలు తగలకూడదని ప్రార్థించాను. అంపైర్ల కంటిచూపు కోసం ప్రార్థించాను. రెండు జట్ల తల్లుల కోసం, స్టేడియానికి వెళ్లిన వాళ్లు క్షేమంగా ఇళ్లు చేరడం కోసం, చివరికి పిచ్ తయారుచేసిన వాళ్ల కోసం కూడా ప్రార్థించి, నీ చిత్తం ప్రకారం జరిగించమని ముగించాను.

ఆమెన్ అని ఒక్కరూ అనలేదు. ఇంకా ఏదో మిగిలిపోయిందని అందరూ ఎదురుచూస్తున్నారు. పాస్టరు గారు ఇక ఆగలేక “ప్రభువా, ఇండియా గెలవాలయ్యా!” అన్నారు. అప్పుడు పైకప్పు ఎగిరిపోయేంత ఆమెన్ వినిపించింది.

చర్చి బయట చెప్పులు వేసుకుంటుండగా మా జగ్గయ్యపేట విలేకరి మస్తాన్ ఫోన్. నందిగామ వైపు ఊళ్లకూ పేటకూ మధ్య ఏ పోటీ వచ్చినా మస్తాన్ విలేకరి కాదు, పేట పౌరుడు.

“ఒక్క పాయింటు సార్. ఆఖరి రైడ్‌లో ముగ్గుర్ని లాక్కెళ్లింది ఆ నాగమణి. మా పిల్లలు అన్యాయంగా ఓడిపోయారు.”

“అన్యాయం ఏముందయ్యా?”

“ఓడిపోవడమే అన్యాయం గదండీ!”

ఫోటో పంపమంటే నసిగాడు. పేట ఓటమిని పేటలోనే అంత పెద్దగా చదివించడం అవసరమా అన్నాడు. చివరికి పంపాడు. జట్టు నాగమణిని భుజాల మీదికెత్తింది, మొహమంతా మట్టి, కప్పు తలకిందులుగా పట్టుకుంది. ‘ఇంకో పేజీ’ పైభాగంలో ఆ ఫోటో ఆరు కాలమ్‌లు పెట్టించాను. సాంబయ్య నిమ్మకాయను అటు నుంచి ఇటు జరిపి, పేజీ పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

మధ్యాహ్నం మస్తాన్‌ది ఇంకో ఫోన్. సంబరాల ఫోటో గడువులోపు అందాలని, టాస్ వేయకముందే పేట కుర్రాళ్ల చేత జెండాలు ఊపించి, టపాసులు కాల్పించి, తీసి పంపేశాడట. జరగని సంబరం వేయనన్నాను. “జరిగింది సార్, నేను చూశా” అన్నాడు. అతని మాటలో అబద్ధమేమీ లేదు.

ఇండియా ఓడిపోయింది. ప్రెస్సుకు ఫోన్ చేసి, ఇంకో పేజీ వేయమని చెప్పాను. నేనే ఓడించినట్టు సాంబయ్య నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం పొద్దున టీ కొట్టు దగ్గర నాకు టీ ఇచ్చారు గానీ ఎవరూ పలకరించలేదు. పత్రిక మొదటి పేజీ నిండా తలలు వంచుకున్న ఆటగాళ్లు. లోపల మా పేజీలో మట్టి కొట్టుకున్న పిల్ల పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. రాష్ట్రం మొత్తంలో ఆ రోజు నవ్వు మొహం ఉన్న పేజీ మాదొక్కటేనని ఎడిషన్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు. పేటలో మా ఏజెంటు పత్రికలన్నీ అయిపోయాయి, మరికొన్ని పంపమని అడిగాడని కూడా అతనే చెప్పాడు. ఓడిన జట్టు పిల్లల ఇళ్లవాళ్లు కూడా కొన్నారట. ఫోటోలో ఒక మూల వాళ్ల పిల్లలు కూడా ఉన్నారు, ఏడుస్తూ.

ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద వెంకటేశ్వర్లు, నాగమణి. ఆయన చేతిలో పత్రిక మడత పెట్టి ఉంది.

“సారూ, ఒకటడుగుతా. మా పిల్ల గెలిచిందని వేశారా, ఇండియా ఓడిందని వేశారా?”

మొదటిదే అని చెప్పి ఉంటే ఆయన సంతోషించేవాడు. నా నోరు ఒప్పుకోలేదు. “రెండూ అండి. రెండోది కాకపోతే ఇంత పెద్దగా పడేది కాదు” అన్నాను. నాగమణి నా వైపు గుడ్లురిమి చూసింది.

ఆయన పత్రిక విప్పి ఫోటోను ఇంకోసారి చూసుకున్నాడు. “పడితే పంపిస్తానన్నా. ఎందుకు పడిందో అడిగి పంపిస్తానని అన్లేదు. పోవే, బట్టలు సర్దుకో” అన్నాడు కూతురితో. రెండు మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగాడు. “ఈ పిల్ల రేపు ఇంకోటి గెలుస్తుందండి. అప్పుడు కూడా ఇండియా ఓడాల్నా?”

నాకు ఉన్న అధికారం మేరకు పేజీలో మార్పు చేశాను. ఆ తర్వాత ఎంత పెద్ద అంతర్జాతీయ పోటీ వచ్చినా, జోన్ పేజీ పైభాగం మొదటి బంతి పడక ముందే మన ఊళ్ల ఆటలకు కేటాయించి మూసేసేవాళ్లం. గెలిచినా ఓడినా ఆ భాగం మారదు, ఫలితం దాని కిందే సర్దుకోవాలి. ప్రకటనల విభాగం రెండుసార్లు గొడవపడింది. పై అధికారి ఒకసారి సంజాయిషీ అడిగాడు. పత్రిక అమ్మకమేమీ తగ్గలేదు.

ప్రపంచకప్‌కు చోటు ఎవరూ కేటాయించనక్కర్లేదు, అది తనంతట తానే తీసుకుంటుంది. ఊరి ఆటకు మాత్రం ఫలితం రాకముందే తీసిపెట్టాలి. వచ్చాక చూద్దామంటే మిగిలేది సింగిల్ కాలమే. ఆ పద్ధతి మొదలయ్యాక కింది భాగం మార్చుకుంటే సరిపోయేది, మేము రెండో పేజీ తయారు చేయాల్సిన అవసరం రాలేదు. నిమ్మకాయ మాత్రం సాంబయ్య తీయలేదు.