రెండు గురువారాల సంతకాలు

అనంతపురం జిల్లాకు ప్రొబేషన్ అధికారిగా నేను బదిలీ మీద వచ్చింది ఒక జూన్ నెలలో, వేరుశనగ వేయాలా వద్దా అని రైతులు మబ్బుల వంక చూస్తున్న రోజుల్లో. అప్పటికి రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. ప్రొబేషన్ అధికారి అంటే పోలీసనుకుంటారు చాలామంది. కాదు. మాకు లాఠీ లేదు. జీపు అడిగినప్పుడల్లా దొరకదు. ఉన్నదల్లా రిపోర్టు. సొంత వాడకానికి కాస్త గంజాయి దగ్గర పెట్టుకుని దొరికిన మనిషిని, అతను ఒప్పుకుంటే, జైలుకు బదులు చికిత్సకు పంపే వెసులుబాటు చట్టంలో ఉంది. కోర్టు అతని చేత బాండు రాయించుకుంటుంది. షరతులు పాటిస్తున్నాడో లేదో మూడు నెలలకొకసారి జడ్జిగారికి రాసేది నేను. పాటించలేదని రాస్తే బాండు రద్దవుతుంది, మనిషి జైలుకు పోతాడు.

ఓబులేసు అలా నా చేతికి వచ్చినవాడు. బత్తలపల్లె దగ్గర ఒక పల్లె. బోరు బండి మీద పని. రోజుల తరబడి బండరాయి తొలిచే పనిలో ఒళ్లునొప్పులు తెలియకుండా ఉండడానికి గంజాయి మరిగాడు. కదిరి బస్టాండులో చిన్న పొట్లంతో దొరికాడు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు, కూలికి పోయే తల్లి. ప్రతి గురువారం అనంతపురంలో చికిత్స కేంద్రానికి వచ్చి డాక్టరుకు చూపించుకుని, వారానికి సరిపడా మాత్రలు తీసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టాలని షరతు.

మూడు నెలలయ్యాక రిజిస్టరు తెరిచాను. ఒక్క గురువారం కూడా తప్పలేదు. నాకు అక్కడే ఒళ్లు మండింది. మత్తు మానేవాడికి ఒకరోజు జ్వరమొస్తుంది, ఒకరోజు బస్సు తప్పుతుంది, ఒకరోజు బుద్ధి తప్పుతుంది. ఇంత బుద్ధిమంతుణ్ణి నా సర్వీసులో చూడలేదు. నా కళ్లలో దుమ్ము కొడుతున్నాడనుకున్నాను. డాక్టరుగారి సెలవుల ఫైలు తెప్పించి పక్కన పెట్టుకుని చూశాను. ఆయన సెలవులో ఉండి కేంద్రం మూసేసిన రెండు వరస గురువారాల్లో కూడా ఓబులేసు సంతకాలు ఉన్నాయి. దొరికాడురా అనుకున్నాను. ఎవరి చెయ్యో తడిపి అన్నీ ఒకేసారి గీకేశాడని తేల్చేసుకున్నాను. బాండు ఉల్లంఘన, దొంగ హాజరు అని రిపోర్టు చిత్తుప్రతి కూడా రాసేశాను.

పంపే ముందు సంజాయిషీ తీసుకోవడం పద్ధతి. చెప్పాపెట్టకుండా బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఓబులేసు ఇంట్లోనే ఉన్నాడు. ఇరుగుపొరుగు వినకుండా తలుపు దగ్గరికి వేయించి, తాళం వేసిన చోట సంతకం ఎలా పెట్టావని నిలదీశాను.

“బీగమేసి ఉండాది మేడమ్. వాచ్‌మన్ అన్న ఉన్నాడు. పుస్తకం ఆయన గదిలోనే ఉంటాది. అడిగి పెట్టినా. జడ్జి సారు గురువారం సంతకం పెట్టాలన్నాడు గదా,” అన్నాడు.

“మరి మాత్రలు?”

“ఎవరిస్తారు మేడమ్? రెండు వారాలూ లేవు. నిద్ర పట్టక సచ్చినా.”

“గంజాయి తాగినావా?”

తల్లి అడ్డం వచ్చింది. “లేదమ్మా, యాడ తాగినాడు!” అంది గట్టిగా. అతను ఆమె వంక చూసి, “అబద్ధమెందుకు మా? రెండో వారం ఒకసారి తాగినా మేడమ్,” అన్నాడు. నేనడక్కపోతే బయటపడని మాట అది. దాంతోనే అతన్ని జైలుకు పంపొచ్చు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అయినా నేను నమ్మలేదు. మరునాడు వాచ్‌మన్ మస్తాన్‌ను విడిగా పిలిచి, ఓబులేసు పేరెత్తకుండా ఆ రెండు గురువారాల గురించి అడిగాను. “బత్తలపల్లె తట్టు నుంచి ఒకాయన వచ్చినాడు మేడమ్, రెండు తూర్లు. ఎండలో మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూచుని, పుస్తకమడిగి సంతకం పెట్టి పోయినాడు. మిగతావాళ్లు బీగం చూసి ఎనక్కి పోయినారు,” అన్నాడు.

చిత్తుప్రతి చించేశాను. అతను వచ్చాడని, చికిత్సే అతనికి అందలేదని, ఆ మధ్యలో ఒకసారి తాగాడని, మూడూ రాశాను. డాక్టరు లేని వారం నర్సు మాత్రలిచ్చే ఏర్పాటు చేయమని కోరాను. ఇతన్ని మీరు నమ్ముతున్నారా అని జడ్జిగారు అడిగారు. నమ్మడం నా పని కాదని, ఇకపై ప్రతి గురువారం పొద్దున కేంద్రం తెరిచారో లేదో నేనే కనుక్కుంటానని చెప్పాను. బాండు కొనసాగింది.

ఓబులేసు గంజాయి పూర్తిగా మానాడో లేదో చెప్పలేను. నేను రిటైరయ్యేనాటికి జైలుకు మాత్రం పోలేదు. కానీ మస్తాన్ చివరన అన్న మాట నన్ను వదల్లేదు. బీగం చూసి వెనక్కి పోయినవాళ్లకు రిజిస్టర్లో సంతకం ఉండదు. సంతకం లేని గురువారాలు చూపించి అంతకుముందు నేను ఉల్లంఘన రాసినవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ శిక్ష అనుభవించారు. ఆ గురువారాల్లో కేంద్రం తెరిచి ఉందా అని పాత సెలవుల ఫైళ్లు అడిగాను. చెదలు తినేశాయన్నారు. అనుమానించడం నా ఉద్యోగం. ముద్దాయిని ఎంత అనుమానించానో కేంద్రం తలుపును కూడా అంతే అనుమానించాల్సింది. ఆ పని చేయలేదు.