పడిపోతేగారు పడ్డ రోజు

పడిపోతేగారికి ఒకటే జబ్బు, భయం. ఊరి ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో ఏ కాగితం ముందుపెట్టినా దాని మీద వేలు ఆనించి, "ఎవరైనా పడిపోతే?" అనేవారు. మెట్లు గీస్తే సరే, చదునైన మైదానం గీసినా అదే ప్రశ్న! ముప్పై ఏళ్లుగా అడిగీ అడిగీ, ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆయన పక్క బల్ల దగ్గర డ్రాయింగులు గీసే అమ్మాయికి మాత్రం ఈమధ్య నిజమైన భయమే పట్టుకుంది. ఆఫీసులోకి కృత్రిమ మేధ వచ్చింది. ఆమె నెలరోజులు తంటాలుపడే పార్కును అది రెండు నిమిషాల్లో, పూలతో సహా గీసి పారేస్తోంది.

"శనివారం కొత్త పార్కు స్థలానికి వెళ్లి చూద్దాం. దీని ప్లాన్‌లో తప్పు లేకపోతే ఇక నీ కుర్చీ అక్కర్లేదు," అన్నాడు పెద్దాఫీసరు. ఆమె ఈ సంగతి ఇంట్లో చెప్పకుండా దాచింది.

పడిపోతేగారు ధైర్యం చెబుతారేమోనని చూసింది. ఆయన టీ తాగబోతూ కంప్యూటర్ మీద తువ్వాలు కప్పుతున్నారు.

"అదేంటి బాబాయిగారూ?"

"మనల్ని చూసి నేర్చేసుకుంటే, అమ్మడూ?"

సరిపోయింది, దొందూ దొందే అనుకుంది.

శనివారం స్థలంలో ప్లాన్ ప్రకారం కాలిబాటకు సున్నంతో గీతలు పోశారు. ఎటు చూసినా పచ్చిక. ఎంత వెతికినా ఒక్క తప్పూ కనిపించదే! ఆఫీసరు సంతకానికి పెన్ను తీశాడు.

"ఆగండి సార్! ఎవరైనా పడిపోతే?"

"ఈ గడ్డిలోనా?"

"చూపు ఆననివాళ్లయితే?" అంటూ పడిపోతేగారు కళ్లు మూసుకుని, గొడుగు తాటిస్తూ గీత వెంట బయల్దేరారు. పదడుగులు. ఇరవై. అందరూ నవ్వుతున్నారు. ఉన్నట్టుండి గొడుగొక్కటే కనిపించింది.

"పడ్డాను!" అని గడ్డి కిందనుంచి కేక. అందులో భయం లేదు సరికదా, పరీక్ష పాసైన సంబరం ఉంది.

పిచ్చిమొక్కలు కమ్మేసిన పాత మురుగు కాలవ! పైనుంచి తీసిన ఫొటోల్లో యంత్రానికి అదీ పచ్చికలాగే కనబడింది. ఆఫీసరు పెన్ను జేబులో పెట్టేశాడు.

"అమ్మాయ్, ఇకమీదట అది గీసిన ప్రతి ప్లానూ నువ్వు నడిచి చూడాలి. నువ్వు సరేనంటేనే నా సంతకం," అన్నాడు.

ఆమె పరుగెత్తుకెళ్లి చెయ్యందించింది. ఆయనకు నడుముదాకా బురదే.

"ఇక్కడ కాలవ ఉందని మీకు తెలీదా బాబాయిగారూ?"

"భలేదానివే! ఈ కాలవ ప్లాను గీసింది నేనే," అన్నారాయన గుసగుసగా.

"నోటితో చెప్పొచ్చుగా!"

"ముప్పై ఏళ్లుగా నోటితోనే చెబుతున్నా. ఎవరు విన్నారు?"

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ఆయన్ని రెండు చేతులా పట్టి లాగింది. ఆయన పైకి రావడం మానేసి, ఆమె కాళ్లకేసి కంగారుగా చూశారు.

"అంత అంచున నించున్నావేంటే? పడిపోతే?"