మద్దిలేటి ఏరిన టైర్లు

మద్దిలేటికి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. లారీల మీద పనిచేసిన పదేళ్లలో అంటుకుంది. పెట్రోలు పోయించుకున్నాక పుల్ల ముంచి మళ్లీ చూసుకునేవాడు. హోటల్లో టీ తెచ్చిపెడితే పక్కవాడు ఒక గుక్క మింగేదాకా గ్లాసు ముట్టేవాడు కాదు. గోనెగండ్ల నుంచి కోసిగికి పెళ్లిచూపులకు పోయి, తనకు చూపించిన పిల్లా, పెళ్లిలో కూర్చోబెట్టబోయే పిల్లా ఒకటేనా అని పక్కింటి ముసలామెను రహస్యంగా అడిగిన ఘనుడు. ఆ పిల్లే బసమ్మ. "ఆ పొద్దు నాకు తెలిసుంటే బిందెడు నీళ్లు నీ నెత్తిన కుమ్మరించి పంపిచ్చేదాన్ని" అని ముగ్గురు బిడ్డల తల్లి అయ్యాక కూడా అంటూనే ఉండేది.

ఆదోని బళ్లారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారిన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. అప్పటికి మద్దిలేటి ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే దేవేంద్రప్ప దగ్గర డ్రైవరు. దేవేంద్రప్ప ఇల్లు ఆదోనిలో, పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఎమ్మిగనూరు ఊరి బయట. మధ్య తిరగడానికి ఆయనకొక ఎర్ర కారు. దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర బళ్లారిలో కొన్నాడు. గుడ్డ టాపు, నేలకు జానెడెత్తున పొట్ట, పొడుగాటి మూతి. ముందు ఇద్దరు సుఖంగా, వెనక ఇద్దరు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. ఆ కారెక్కితే యాభై దాటిన దేవేంద్రప్పకు మీసం దానంతటదే పైకి లేచేది.

రోడ్డు నల్లరేగడి మట్టిగా ఉన్న రోజుల్లో, వానపడితే దిగబడకుండా ఆ కారుకు లోతైన పండ్లున్న టైర్లు వేయించారు. తర్వాత రోడ్డుకు తారు పడింది. తారు మీద ముప్పై మైళ్ల జోరు అందుకుందంటే ఆ పండ్ల టైర్లు ఊళ మొదలుపెట్టేవి. రెండు ఫర్లాంగుల అవతల చేలో కలుపు తీసేవాళ్లు కూడా తలెత్తి "ఊళ కారు వస్తాంది" అనేవాళ్లు. దేవేంద్రప్పకు అది బాగానే ఉండేది. తను వస్తున్నట్టు లోకానికి తెలియడం ఎవరికి చేదు?

మద్దిలేటికి ఇంకా బాగుండేది. దానికి వేరే కారణం ఉంది. బసమ్మ ఆ జిన్నులోనే పత్తి ఏరేది. చెత్తా, పుల్లా, ఎండాకూ తీసి మిషనుకు అందించే పని. పోయినేడు కట్టి పంపిన ఒక పత్తి బేలులో చంటిపిల్ల పక్కగుడ్డ పేలిక దొరికి బొంబాయి నుంచి సరుకు తిరిగొచ్చింది. ఆ గుడ్డ ఎవరిదో కనిపెట్టి, అక్కడే పత్తి ఏరే కాశప్ప కోడలిని ఆ పూటే పంపేశారు. అప్పటినుంచి చంటిపిల్లలను జిన్నులోకి తేకూడదని ఆజ్ఞ. బసమ్మ పెద్దపిల్లలిద్దరూ బడికి పోతారు. అయిదు నెలల చిన్నదాన్ని ఇంట్లో ఎవరి మీద వదిలిపెట్టాలి? పత్తి కుప్పల వెనక దూలానికి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. ఇంకో ఇద్దరు తల్లులదీ అదే దారి. మేస్త్రీ ఎల్లప్ప చూసీ చూడనట్టు పోయేవాడు.

ఎమ్మిగనూరుకు ఇవతల, జిన్నుకు కాస్త ముందు ఒక కల్వర్టు ఉంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మద్దిలేటి కాలు అదిమేవాడు. టైర్లు ఊళ వేసేవి. జిన్నులో తల్లులు ఉయ్యాలలు విప్పి, పిల్లలను పెరట్లో బండ్ల షెడ్డులో గోతాల మీద పడుకోబెట్టి, యజమాని గేటు దాటేలోగా పత్తి ముందు కూర్చునేవాళ్లు. "కల్వర్టు కాడికి రాంగానే నీకు పోట్లగిత్త పూనుతాది" అని దేవేంద్రప్ప నవ్వేవాడు. మద్దిలేటి కూడా నవ్వేవాడు.

కార్తీక మాసంలో ఒకరోజు దేవేంద్రప్ప కారు చుట్టూ తిరిగి, అరిగిన టైర్లను చెప్పు మొనతో తట్టాడు.

"ఈటిని మార్చల్ల మద్దిలేటీ. ఈ తూరి మెత్తవి ఎయ్యి. కూసున్నోళ్లకు కుదుపు తెలీగూడదు. సప్పుడు అసలే రాగూడదు."

"సప్పుడుకు ఏమైందయ్యా ఇప్పుడు?"

"ఏమైంది అంటే? నా బండి, నా ఇష్టం." ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నేను బళ్లారికి పోతాండా. గురువారం రైలుకు వస్తా. ఆ లోపల ఏయించు. ఎవురితోనూ అనబాకు."

ఎవరితోనూ అనవద్దన్న మాట దగ్గర మద్దిలేటికి చెవులు నిక్కాయి. టైర్లు మార్చడం కూడా గుట్టేనా? నాలుగేళ్లు ఆ ఊళ విని మురిసిన మనిషికి ఇవాళ అది ఎందుకు చేదయింది? ఎవరో చెప్పారు. జిన్నులో పిల్లలున్నారనీ, ఊళ వినగానే దాస్తారనీ ఎవరో చెవిలో ఊదారు. చప్పుడు లేకుండా వచ్చి పట్టుకోవాలని ఎత్తు. ఎల్లప్ప చెప్పాడా? ఆ ఎల్లప్ప ఈమధ్య తనను చూసి అవసరానికి మించి నవ్వుతున్నాడు కూడా.

ఆదివారం ఎమ్మిగనూరులో ఇంటికి పోయినప్పుడు బసమ్మకు చెప్పాడు. ఆమె రొట్టె తడుతూ వింది.

"నీకు అన్నీ అనుమానాలే. మనిషికి నడుము నొప్పి ఏమో" అంది. మరో రెండు రొట్టెలు తట్టాక చేయి ఆగింది. "ఆ పని పోతే మనం ఏం తింటాం మద్దిలేటీ?" అని అడిగింది. మామూలుగా పేరు పెట్టి పిలవని మనిషి. ఆ పిలుపు మద్దిలేటి గుండెలో దిగబడింది.

సోమవారం ఆదోనిలో లాల్‌సాబ్ టైర్ల కొట్టుకు పోయాడు. లాల్‌సాబ్ రెండు రకాలు కిందికి దించాడు. ఒకటి పాతరకం, పండ్లది. రెండోది సన్నగా, చుట్టూ నిలువు గీతలున్నది. మద్దిలేటి గీతల టైరును గోటితో నొక్కాడు. అరచేత్తో నిమిరాడు, వాసన చూశాడు, బండల మీద దొర్లించి దాని వెంటే వంగి నడుస్తూ చెవి ఒగ్గాడు. రబ్బరు మెత్తగా, లోపల దారం గట్టిగా ఉంది. బండ మీద పోయినట్టే లేదు. ఇన్నేళ్ల పనిలో అంత మంచి టైరు అతని చేతికింద పడలేదు. ఇంకో సమయంలో అయితే నాలుగూ అప్పుడే బిగించి, ఆలూరు దాకా పోయి వచ్చేవాడు.

"తీసుకోప్పా. బండి పక్కనుంచి పోయినా పిల్లి నిద్ర లేయదు" అన్నాడు లాల్‌సాబ్.

మద్దిలేటి తల ఎత్తి చూశాడు. "మా అయ్య నీకేమన్నా చీటీ పంపినాడా?"

"చీటీ ఎందుకు? ఈ నెల ఆయన్ని సూసిందే లేదు."

"మరి ఈటినే ఎందుకు అంటగడ్తాండావు?"

"బాగుండాయి కాబట్టి. అరే, నీతో ఖుదా కూడా బేరం చేయలేడు."

మద్దిలేటి గీతల టైరు మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. మంచి సరుకును తెలిసి తెలిసి పక్కన పెట్టడం పనివాడికి చాలా కష్టం. చివరికి పండ్ల టైర్లనే చూపించాడు.

"ఈటిని ఎయ్యి."

"తారు మీద నక్కలు కూసినట్టు కూస్తాయి కదప్పా."

"కూయనీ."

గురువారం రైలు గంట ఆలస్యంగా, పన్నెండూ ముప్పావుకు వచ్చింది. దేవేంద్రప్ప ఒక్కడే దిగలేదు. వెనక కూతురు గిరిజమ్మ ఉంది. ఎమ్మిగనూరులో ఇచ్చిన పిల్ల, ఏడాదిగా బళ్లారిలో మేనమామ ఇంట్లో ఉంటోంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మద్దిలేటి అడగలేదు గానీ ఆ విషయం మీద నాలుగైదు అనుమానాలు పడి ఉన్నాడు. ఇప్పుడు ఆమె చేతుల్లో శాలువాలో చుట్టిన మూట. ఆ మూట కదిలింది.

"మెత్తవేనా?" అన్నాడు దేవేంద్రప్ప టైర్ల వంక తల ఊపి. ఆయనకు పత్తి తప్ప ఏదీ చూస్తే తెలియదు.

"మెత్తవేనయ్యా" అన్నాడు మద్దిలేటి.

గిరిజమ్మకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఒక బిడ్డ నెలకు, ఇంకొకటి మూడో నెలలో. చప్పుడయితే ఉలిక్కిపడి, ఏడ్చి ఏడ్చి ఊపిరి పట్టి, నల్లగా మారి పోయారట. మూడో బిడ్డ పుట్టిన మాట దిష్టికి భయపడి బయటికి పొక్కనివ్వలేదు. అత్తవారింటికి తీసుకుపోయే రోజు కూడా నోటితో అనుకోలేదు. కారెక్కాక దేవేంద్రప్ప గొంతు తగ్గించి ఇదంతా చెప్పాడు. "అందుకేప్పా మెత్తవి ఏయమన్నది" అన్నాడు.

మద్దిలేటి కాలు తేలిక చేశాడు. ఇరవై మైళ్ల మీద తోలసాగాడు. ఆ జోరులో ఊళ రాదు.

"ఎద్దులబండి తోలుతాండావా? ఒకటిన్నరకు రాహుకాలం. ఆ లోపల బిడ్డ గడప దాటల్ల. పోనీ."

"రోడ్డు బాగలేదయ్యా."

"అద్దం మాదిరి ఉంది. పోనీ."

పోనిచ్చాడు. సూది ముప్పై దాటగానే నాలుగు కొత్త టైర్లూ ఒక్కసారిగా ఊళ అందుకున్నాయి. పాతవాటికంటే రెండింతలు. శాలువాలో బిడ్డ రెండు చేతులూ చాచి ఉలిక్కిపడింది. ఏడుపు మొదలై, సాగి, మధ్యలో శబ్దం ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, ఊపిరి రావడం లేదు. గిరిజమ్మ "నాయనా" అంటూ బిడ్డ మొహం మీద ఊదింది. మద్దిలేటి కారు ఆపాడు. ఎంతసేపటికో బిడ్డ గుక్క తిప్పుకుంది. గిరిజమ్మ దాన్ని ఒళ్లోకి అదుముకుంది.

దేవేంద్రప్ప దిగి టైర్లను వంగి చూశాడు. వచ్చి డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"లాల్‌సాబ్ నీకు ఎంత ఇచ్చినాడు?"

లోకంలో అందరినీ అనుమానించిన మద్దిలేటిని ఆ రోజువరకు ఎవరూ అనుమానించలేదు. చెంపదెబ్బ అయినా ఓర్చుకునేవాడు. ఆ ఒక్క మాట ఓర్చుకోలేకపోయాడు.

"ఒక్క కాసు తీసుకోలేదయ్యా. జిన్నులో మా పిల్లలుండారు. మీరు సప్పుడు లేకుండా వచ్చి పట్టుకుంటారని..." అన్నాడు.

అన్నాక తెలిసింది. దేవేంద్రప్ప మొహంలో ఉన్నది వట్టి ఆశ్చర్యం. ఆయనకు ఏమీ తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఎల్లప్ప చెప్పలేదు, లాల్‌సాబ్ చెప్పలేదు. చెప్పినవాడు తనొక్కడే.

దేవేంద్రప్ప కారెక్కి గడియారం చూసుకున్నాడు. "ఇంక రాహుకాలం లోపల చేరలేం. మూడింటి దాకా జిన్ను ఆపీసు గదిలో కూసుందాం, ఆడ సప్పుడు వినపడదు. మెల్లగా తోలు."

జిన్నులో కూర్చోవడానికా, పట్టుకోవడానికా? మద్దిలేటికి తేలలేదు. కల్వర్టు వచ్చింది. కాలు అలవాటుగా పెడలు మీద బరువెక్కింది. అదిమితే బసమ్మకు వినబడుతుంది. బసమ్మ పని నిలుస్తుంది. వెనక ఆ బిడ్డ ఇంకా వెక్కుతూనే ఉంది, మరోసారి గుక్క పడితే తిప్పుకుంటుందో లేదో. మద్దిలేటి కాలు తీశాడు. కారు కల్వర్టు మీద నత్తలా, చప్పుడు లేకుండా దాటింది. మద్దిలేటి జిన్ను గేటులోకి తిప్పాడు.

కారు వచ్చిన సంగతి జిన్నులో ఎవరికీ తెలియలేదు. దేవేంద్రప్ప, వెంట మద్దిలేటి, పత్తి కుప్పల వెనక్కి నడిచేసరికి బసమ్మ ఉయ్యాల ఊపుతూ నిలబడి ఉంది. దేవేంద్రప్ప చూపు ఉయ్యాలలోంచి వేలాడుతున్న పక్కగుడ్డ మీద ఆగింది. బేలులో దొరికింది అలాంటిదే. బసమ్మ ఒకసారి మొగుడి వంక చూసింది. అతను తల వంచుకున్నాడు.

ఈలోగా గిరిజమ్మ బిడ్డ చెవుల మీద శాలువా కప్పి ఎత్తుకుని వెనకే వచ్చింది. ఆమె ఎవరినీ చూడలేదు, ఉయ్యాలలోకే చూసింది. బొద్దుగా, చప్పుడు మధ్య నోరు తెరిచి నిద్రపోతోంది బసమ్మ కూతురు.

"మిషన్ల సప్పుడులో ఎట్ల పండుకుంటాదమ్మా?"

"పుట్టినప్పటి నుంచి ఇదే సప్పుడు కదమ్మా."

"ఎంతమంది నీకు?"

"ముగ్గురు."

"పోయినోళ్లు?"

"ఎవరూ పోలేదమ్మా."

గిరిజమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు నిలవని తల్లి, పిల్లలు నిలిచిన తల్లి చేతినుంచి పాత గుడ్డ అడిగి తెచ్చి తన బిడ్డ కింద వేస్తే ఆ బిడ్డ బతుకుతుందని ఆ పక్క నమ్మకం. కొనకూడదు, దొంగిలించకూడదు, అడిగే తీసుకోవాలి. గిరిజమ్మ ఖాళీ చేయి చాచింది.

"ఆ గుడ్డ నా బిడ్డకు ఇస్తావా అమ్మా?"

బసమ్మ వెంటనే ఇవ్వలేదు. ఇంతకాలం తను ఎగతాళి చేసిన మొగుడి అనుమానం ఆమెకు సమయానికి పనికొచ్చింది. పడుకున్న పిల్లను ఎత్తి భుజాన వేసుకుంది. గుడ్డ మడిచి చేతిలో పట్టుకుంది. దేవేంద్రప్ప మొహంలోకి సూటిగా చూసింది.

"ఇస్తానమ్మా. ఇచ్చేస్తే రేపటి నుంచి నా బిడ్డ యాడ పండుకోవల్లనో అయ్య సెప్తే సాలు."

మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. దేవేంద్రప్ప తన మనవరాలిని చూశాడు, గుడ్డను చూశాడు.

"ఎల్లప్పా, ఆ వసారాలో మూడు ఉయ్యాలలు కట్టించు. పత్తికి దూరంగా" అన్నాడు. ఊరికే మంచివాడనిపించుకోవడం ఇష్టం లేక, "బేలులో పేలిక కనపడితే మాత్రం ముగ్గురినీ పంపిస్తా" అని కలిపాడు.

బసమ్మ గుడ్డ ఇచ్చింది.

మర్నాడు మద్దిలేటి పండ్ల టైర్లు విప్పించి గీతలవి బిగించుకున్నాడు. లాల్‌సాబ్ ఏదో అడగబోతే పని ఉందని వచ్చేశాడు. కారు ఆ తర్వాత నీళ్ల మీద పోయినట్టు పోయేది. గిరిజమ్మ బిడ్డ దాంట్లో హాయిగా నిద్రపోయేది. అయినా మద్దిలేటికి నమ్మకం కుదరలేదు. వసారాలో ఉయ్యాలలు ఎన్నాళ్లుంటాయి? దీని వెనక ఇంకేం ఉంది? దేవేంద్రప్ప ఒక్కడే కారులో ఉన్నప్పుడల్లా మద్దిలేటి కల్వర్టు దగ్గర రెండుసార్లు గట్టిగా హారన్ కొట్టేవాడు. సంక్రాంతి దాటి, శివరాత్రి దాటి, ఉగాది దాకా కొట్టాడు.

ఒకరోజు జిన్ను వసారాలో బసమ్మ ఎదురొచ్చింది. చంకలో చిన్నది కళ్లు నులుముకుంటూ ఏడుస్తోంది.

"కల్వర్టు కాడ ఆ కూత ఎవురి కోసం? పిల్లలంతా లేస్తాండారు" అంది. "సప్పుడు సెయ్యకుండా గమ్మున రా."